ఈ వారం సమస్య: వెంటు డిడ్డు వెంట వెళ్ళదయ్య

నిర్వహణ, బరంపురం:
ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడూ మీవి.

«వెంటు డిడ్డు వెంట వెళ్ళదయ్య»

‘వెంట్’ అంటేనే వెళ్ళడం, అది వెళ్ళదంటే ఎలా? చిక్కు అదే. మన జిల్లాల్లో పిల్లలే కాదు, దరఖాస్తులు రాసే పెద్దలు కూడా ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అని రాసేస్తున్నారు, అందుకే ఇది ఎంచాను. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. మిగతా రెంటిలో అయిదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. ఇంగ్లీషు మాటలు ధారాళంగా వాడుకోండి.

పర్లాకిమిడి మాస్టారు:

నిన్న వెళ్ళె ననగ నింగ్లీషు నందున
వెంటు చాలు, డిడ్డు వేరె యేల?
గతము డిడ్డు దెల్పగాను గోయె నిలుచు
వెంటు డిడ్డు వెంట వెళ్ళదయ్య!

నిర్వహణ:
గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి మొదటి పూరణ రావడం సంతోషం మాస్టారూ. గణాలకీ యతులకీ వంక పెట్టడానికి లేదు. మూడో పాదంలోనే కిటుకంతా ఉంది: గతం సంగతి డిడ్ చెప్పేసింది కాబట్టి పక్కన అసలు క్రియే ఉండాలి. ఒక్క ‘వేరె యేల’ దగ్గర మాత్రం ఆగాను. నువ్వసలు వెళ్ళనే లేదని ఎవరైనా దబాయిస్తే ‘ఐ డిడ్ గో’ అని నొక్కి చెప్పడం శుద్ధమైన ఇంగ్లీషే కదండీ.

పర్లాకిమిడి మాస్టారు:
నిజమే బాబూ. కానీ ‘నిన్న వెళ్ళె’ అన్నది మామూలు కబురు, అందులో దబాయింపు లేదు. ఆ పాదం అలాగే ఉంచుతాను.

గుణుపూర్ నుంచి, ప్లస్ టూ విద్యార్థిని:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి సార్.

బడికి వెళ్ళలేదు బాబు డిడ్ నాటు గో
యనుట మేలు, వెంటు ననగ దప్పు
హ్యావు పక్క గాను చక్కగా నిలుచును
వెంటు డిడ్డు వెంట వెళ్ళదయ్య!

నిర్వహణ:
భేషుగ్గా ఉందమ్మా! ‘హ్యావ్ వెంట్’ కాదు, ‘హ్యావ్ గాన్’ అనాలని ఎవరూ అడగకుండానే కలిపావు. యతి మాత్రం మూడో పాదంలో తప్పింది, హ్యా-కి చ చెల్లదు. ‘చక్కగా’ తీసేసి ‘హాయిగా’ వేసుకో, గణం అదే, యతీ కుదురుతుంది.

విద్యార్థిని:
మార్చుకున్నాను సార్. ఒక డౌట్. ఒడియాలో ‘మూఁ గలి నాహిఁ’ అంటాం, అందులో ‘గలి’ భూతకాలమే కదా, పక్కన నాహిఁ వచ్చినా మారదు. బడిలో రోజంతా అదే వింటాం కాబట్టి వెంట్ అనే నోటికొస్తుంది.

పర్లాకిమిడి మాస్టారు:
చాలా మంచి మాట పట్టుకున్నావమ్మా. మరి ఇంట్లో మాట్లాడే తెలుగు గుర్తు తెచ్చుకో. ‘వెళ్ళాను’ అంటాం, కానీ కాదని చెప్పాలంటే ‘వెళ్ళాను లేదు’ అనం, ‘వెళ్ళలేదు’ అంటాం. ‘వెళ్ళ’లో కాలం లేదు, అది ‘లేదు’ చూసుకుంటుంది. తిన్నాను, తినలేదు, రాశాను, రాయలేదు. డిడ్ నాట్ ఈట్, డిడ్ నాట్ రైట్ కూడా సరిగ్గా అంతే. నేను క్లాసులో ముందు తెలుగు వాక్యం చెప్పించి తరవాతే ఇంగ్లీషుకి వెళ్తాను, రూల్ బట్టీ పట్టించాల్సిన పని పడదు.

జయపురం నుంచి:

వెండు బిడ్డ వెంటు వేరింటి దత్తుడు
గోకు గతము తానె కుదురుకొనగ
గోయె వచ్చు డిడ్డు కూర్మితో పిలువగా
వెంటు డిడ్డు వెంట వెళ్ళదయ్య!

నిర్వహణ:
ఈ వారం నా మనసు దోచింది ఇదే. సెండ్‌కి సెంట్, బెండ్‌కి బెంట్, లెండ్‌కి లెంట్ అయినట్టే, వెళ్ళడమనే అర్థమున్న వెండ్ అనే పాత క్రియకి వెంట్. గో-కి పాత ఇంగ్లీషులో వేరే భూతకాల రూపం ఉండేది, అది వాడుక తప్పిపోయి సుమారు 1500 నాటికి వెండ్ తాలూకు వెంట్ వచ్చి ఆ చోట స్థిరపడింది. అందుకే గో-లో ఒక్క శబ్దం కూడా వెంట్‌లో వినపడదు. ఇంత కథనీ రెండు పాదాల్లో ఇమిడ్చారు. ‘గోకు గతము’ దగ్గర మాత్రం గోకడమేమో అనిపించే ప్రమాదముంది, ‘గో’ తరవాత చిన్న గీత పెడితే సరి.

విద్యార్థిని:
మరి రీడ్ సంగతేంటి సార్? డిడ్ ఉన్నా లేకపోయినా స్పెల్లింగ్ ఒకటేగా.

నిర్వహణ:
రాతలో ఒకటే, నోట్లో కాదమ్మా. ‘ఐ రెడ్ ఇట్’, కానీ ‘ఐ డిడ్ నాట్ రీడ్ ఇట్’. నువ్వడిగావు కాబట్టి వచ్చే వారం సమస్య దాని మీదే, మళ్ళీ ఆటవెలదే, అన్నీ లఘువులే పడ్డాయి:

«చదివె ననిన నెఱుపు చదువ వలయు»