గులాబీకి నల్లమచ్చ: తెగులు రాకముందే మందు కొట్టాలా?

చిగురు:
మా ఇంటి ముందు తొమ్మిది గులాబీ మొక్కలున్నాయి. వానలు మొదలైన మూడో వారానికే కింది ఆకుల మీద నల్లమచ్చలు వచ్చాయి. మచ్చ చుట్టూ పసుపు పచ్చగా మారి, చెయ్యి తగిలితే చాలు ఆకు రాలిపోతోంది. రెండు మొక్కలకైతే కొసన నాలుగాకులే మిగిలాయి. “వానలకు ముందే మందు కొట్టి ఉండాల్సింది” అన్నారొకరు. “పూల కోసం పెంచుకునే మొక్కకి విషమెందుకు, ఆకులు ఏరెయ్యండి, అదే కోలుకుంటుంది” అన్నారు ఇంకొకరు. ఇద్దరి మొక్కలూ బాగానే ఉన్నాయి. ఎవరి మాట వినాలి?

ముళ్లబాట:
నేను ముందే కొడతాను. మాంకోజెబ్ గానీ, రాగి మందులు గానీ ఆకు పైన పొరలా నిలిచి, శిలీంధ్రబీజం (ఫంగస్ విత్తు) మొలకెత్తకుండా ఆపుతాయి. లోపలికి దిగిపోయిన శిలీంధ్రాన్ని అవి ఏమీ చెయ్యలేవు. హెక్సాకొనజోల్ లాంటి ఆకులోకి ఇంకే మందులు సోకిన ఒకటి రెండు రోజుల్లో పడితే కొంత ఆపుతాయి, కానీ అప్పటికి మచ్చ కనపడదుగా! మచ్చ కనపడ్డాక పంపు ఎత్తుకోవడమంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే.

బోర్డో మిశ్రమం కథ కూడా ఇదే చెబుతుంది. ఫ్రాన్స్‌లో దారిపక్కన ద్రాక్షపళ్లు దొంగలు కోసుకుపోకుండా తీగల మీద మైలుతుత్తం (రాగి లవణం), సున్నం కలిపి చల్లేవారు. మిగతా తోటంతా తెగులుతో ఆకు రాలిస్తే ఆ తీగలు మాత్రం పచ్చగా ఉండటం 1882లో మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త చూశారు. 1885లో ఆ మిశ్రమం గురించి ప్రచురించారు. తెగులు రాకముందే పడిన మందు కాబట్టే అది పనిచేసింది.

తులసికోట:
ముళ్లబాట గారూ, ఆ తీగలు రైతులకు బతుకుతెరువు. ఇక్కడున్నవి తొమ్మిది పూలమొక్కలు. రాగి లోహం, మట్టిలో పడితే విరిగిపోయి మాయమయ్యేది కాదు. ఏటేటా కొడుతూ పోతే పేరుకుంటుంది, ముందు దెబ్బతినేది వానపాములే. నాలుగు మచ్చలొచ్చినంత మాత్రాన మొక్క చావదు.

ముళ్లబాట:
ఒక్కసారి రాలితే చావదు, ఒప్పుకుంటాను. వరసగా రెండేళ్లు ఆకు మొత్తం రాల్చుకున్న మొక్కని నేను చూశాను. మూడో ఏడు రెండే కొమ్మలు చిగురించాయి, మూడు మొగ్గలేసి ఆగిపోయింది. ఆకు లేకపోతే మొక్క తిండి ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది?

పాదుతవ్వి:
చిగురు గారూ, మందు సంగతి కాసేపు పక్కన పెట్టి ఒక ఆకు తెంపి వెలుతురులో పట్టుకుని చూడండి. భూతద్దం ఉంటే మరీ మంచిది. నల్లమచ్చ తెగులైతే మచ్చ అంచు గీత గీసినట్టు ఉండదు. సిరా చుక్క బరక కాగితం మీద పడితే ఎలా పాకుతుందో, అలా సన్నటి పీచులుగా చుట్టూ విచ్చుకుని ఉంటుంది. అంచు నున్నగా ఉండి నడుమ బూడిదరంగు తిరిగితే అది వేరే ఆకుమచ్చ కావచ్చు. ఆకు కింద నారింజరంగు పొడి ఉంటే తుప్పు తెగులు. అన్నింటినీ కలిపి “ఫంగస్” అనేసి ఒకే మందు కొట్టడం దగ్గరే చాలామంది పొరపాటు పడుతున్నారు.

రెండో మాట, మీరు నీళ్లు ఎప్పుడు, ఎలా పోస్తున్నారు? నల్లమచ్చ బీజం ఆకులోకి దిగాలంటే ఆకు దాదాపు 7 గంటలు ఏకధాటిగా తడిగా ఉండాలి. పొద్దున తడిసిన ఆకు ఎండకి ఆరిపోతుంది. సాయంత్రం తడిస్తే తెల్లవార్లూ ఆరదు. ఆ బీజం గాలికన్నా ఎక్కువగా నీటి చిందులతోనే ఎగురుతుంది. కింద రాలిన మచ్చల ఆకు మీద చినుకు పడితే ఆ చిందు నేరుగా పై ఆకుకి తగులుతుంది. కింది ఆకులకే ముందు రావడం అందుకే. రాలినవి రోజూ ఏరండి, ఎరువుగుంతలో మాత్రం వెయ్యొద్దు. కొమ్మల మీద ఊదారంగు మచ్చలుంటే అంతవరకు కత్తిరించండి. పాదులో ఎండుగడ్డి పరిస్తే చిందులు తగ్గుతాయి.

చిగురు:
మీరడిగాక తల పట్టుకున్నాను. ఆఫీసునుంచి వచ్చి రాత్రి ఏడింటికి పైపు పెట్టి మొక్కల నెత్తిమీదనుంచి పోస్తున్నాను, ఆకులు కడిగినట్టుంటుందని! భూతద్దంతో చూస్తే ఏడు మొక్కల మచ్చలకి మీరు చెప్పిన పీచు అంచు ఉంది. మిగతా రెండింటికీ కిందంతా మచ్చలే, కానీ పైన లేతాకులు ముడుచుకుని, మొగ్గ కాడల మీద తెల్లటి పొడి కూడా ఉంది. ఇన్నాళ్లూ దుమ్మనుకున్నాను.

పాదుతవ్వి:
అది బూడిద తెగులు. దానికి ఆకు తడి అక్కర్లేదు, పైగా ఆకు మీద నీళ్లు నిలిస్తే దాని బీజం సరిగా మొలకెత్తదు. గాలికి ఎగిరివస్తుంది, గాలి ఆడని చోట ముదురుతుంది. ఆ రెండు మొక్కల్లోనూ నడిమి కొమ్మలు పలచన చెయ్యండి. పాలు కూడా పనికొస్తాయి, ఇది ఉత్త చిట్కా కాదు. బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ అనే శాస్త్రవేత్త జుకినీ (గుమ్మడి జాతి) మొక్కల బూడిద తెగులు మీద వారానికోసారి 10 శాతం పాలు కొట్టి చూసి, 1999లో మంచి ఫలితాలు ప్రచురించారు. నీటిలో కరిగే గంధకం బాగా పనిచేస్తుంది. 32 డిగ్రీలు దాటిన ఎండలో మాత్రం కొట్టొద్దు, ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టి ఉంటే గంధకానికి రెండు వారాలు ఆగండి.

తులసికోట:
వంటసోడా ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే చెబుతున్నా, వద్దు. బూడిద తెగులుకి కొంత పనిచేసినా అందులోని సోడియం మట్టిలో పేరుకుంటుంది. పొటాషియం బైకార్బొనేట్ దొరికితే అది నయం. ఇంకోటి, పోయినచోట కొత్త మొక్క పెట్టేటప్పుడైనా తట్టుకునే రకం చూసుకోండి. విలియం రాడ్లర్ తయారుచేసిన నాకౌట్ గులాబీ 2000లో బజారులోకి వచ్చింది, నల్లమచ్చని తట్టుకుంటుందనే దానికంత పేరు.

ముళ్లబాట:
నీళ్ల వేళ మార్చమన్నది నూటికి నూరుపాళ్లు నిజం, నేనే ముందు అడగాల్సింది. కానీ నాలుగు రోజులు ముసురు పడితే ఆకు ఆరేదెలా? వాన మన చేతిలో లేదుగా. ఆ రోజులకి ముందు ఒక పొర మందు ఉండాల్సిందే అన్నదాంట్లో నేను మారను. ఆకులోకి ఇంకే మందు ఒక్కదాన్నే ఏడాదంతా కొట్టకండి, శిలీంధ్రం దానికి అలవాటు పడిపోతుంది. కార్బెండాజిమ్ అనే ఇంకే మందు చాలాచోట్ల అలాగే పని మానేసింది. మందు పేరు మారిస్తే చాలదు, గుంపు, అంటే శిలీంధ్రం మీద అది పనిచేసే తీరు, మారాలి. హెక్సాకొనజోల్ తర్వాత టెబుకొనజోల్ కొడితే మార్చినట్టు కాదు, రెండూ ఒకే గుంపు.

బోర్డో కలుపుకుంటే లీటరుకి 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం. విడివిడిగా ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి అప్పుడు కలపండి, ఆ రోజే వాడెయ్యండి. తోమిన ఇనుప కత్తి ఒక నిమిషం ముంచి తీస్తే దానిమీద రాగిరంగు పట్టకూడదు. పట్టిందంటే సున్నం చాల్లేదని. చల్లటి ముసురులో మాత్రం గులాబీకి రాగి కొట్టకండి. ఆకుల మీద ఊదా చుక్కలు వచ్చి రాలతాయి, అది చూసి తెగులు ముదిరిందనుకుని మళ్లీ కొడతారు. చేతి తొడుగులు, ముక్కుకి గుడ్డ తప్పనిసరి. తేనెటీగలు వాలే వేళ వద్దు.

చిగురు:
ఈ పూట మూడు సంచుల ఆకులు ఏరాను. రేపటినుంచి నీళ్లు పొద్దున్నే, ఆకుల మీద కాకుండా మొక్క మొదట్లోనే. నల్లమచ్చ ఒక్కటే ఉన్న ఏడింటిలో నాలుగింటికి మాంకోజెబ్ కొట్టి, మూడింటిని కొట్టకుండా వదిలేద్దామనుకుంటున్నా. తేడా నా కళ్లతో నేనే చూసుకుంటాను.

ముళ్లబాట:
మంచిదే. అయితే ఆ మూడింటినీ మందు కొట్టే నాలుగింటి పక్కనే ఉంచకండి, వాటి చిందులు వీటికి తగిలితే మీకేమీ తెలియదు. కుండీల్లో ఉంటే నాలుగడుగుల దూరం జరపండి.

చిగురు:
కుండీలే. ఇప్పుడే జరుపుతున్నాను.