డ్రగ్ కోర్టు టెస్టుకీ డ్యూటీకీ టైము కుదరడం లేదు, ఏం చేయాలి?

మా తమ్ముడు టెక్సాస్‌లో డ్రగ్ కోర్టు ప్రోగ్రాంలో (జైలుకు బదులు జడ్జి పర్యవేక్షణలో చికిత్స, డ్రగ్ టెస్టులు ఉండేది) మొదటి ఫేజ్‌లో ఉన్నాడు. రోజూ పొద్దున్నే ఫోన్ చేయాలి. రికార్డింగ్‌లో వాడికి కేటాయించిన రంగు పేరు చెబితే ఆ రోజే యూరిన్ శాంపిల్ ఇవ్వాలి. ల్యాబ్ సాయంత్రం 5కే మూసేస్తారు, గ్యాస్ స్టేషన్‌లో వాడి డ్యూటీ 6 దాకా. వెళ్లకపోతే పాజిటివ్ కిందే లెక్క. టెన్షన్‌లో నీళ్లు ఎక్కువ తాగేసి శాంపిల్ పలచబడినా తప్పే! కేస్ మేనేజర్‌కు షిఫ్టు టైమింగ్స్ లెటర్ ఇస్తే, మీరే సర్దుకోండి అన్నారు. లాయర్ ఫోన్ ఎత్తడం లేదు. ఓనర్‌కు కేసు సంగతి చెప్పలేం. ఉద్యోగం మానేద్దామంటే, అది ఉండాలన్నదీ ప్రోగ్రాం రూలే. యూరిన్ బదులు, ఒంటికి అంటించి డ్రగ్స్ వాడకం పట్టే చెమట ప్యాచ్‌కో, పనికి దగ్గర్లోని వేరే ల్యాబ్‌కో జడ్జి చేత ఒప్పించుకున్నవాళ్లు ఉంటే, హియరింగ్‌లో ఏమని అడిగారో చెబుతారా?