స్కూల్ ఫ్రెండ్ పోయి రెండేళ్ళయింది, వాడి గురించి సావనీర్‌లో రాయమన్నారు, పోలియో సంగతి ఎంతవరకు రాయాలి?

వైజాగ్ రన్నర్:

అందరికీ నమస్తే. మాది 1998 టెన్త్ బ్యాచ్, వైజాగ్‌లోనే. వచ్చే నెల గెట్ టుగెదర్ పెట్టుకుంటున్నాం, చిన్న సావనీర్ కూడా వేస్తున్నారు, పోయినవాళ్ళకి తలా ఒక పేజీ. మావాడి పేజీ నాకు అప్పజెప్పారు. గుండెపోటుతో పోయాడు. ఇంట్లోవాళ్ళని ఇంకా అడగలేదు కాబట్టి పేరు ఇక్కడ పెట్టట్లేదు.

వాడికి చిన్నప్పుడే పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడిపోయింది, కాలిపర్ (కాలు నిలబడటానికి కట్టే ఇనప కడ్డీల, తోలు పట్టీల చట్రం) వేసుకునేవాడు. గ్రూపులో ఒకడు అప్పుడే ఫ్లెక్స్ డిజైన్ కూడా పెట్టేశాడు, పైన "వైకల్యాన్ని జయించిన ధీరుడు" అని, కింద ఫొటోకి దండ, పక్కన నెట్‌లో దొరికిన వీల్‌చైర్ బొమ్మ. వాడు జన్మలో వీల్‌చైర్ ఎక్కలేదు బాబూ.

నాకు గుర్తున్నవాడు వేరు. ఆంధ్రా యూనివర్సిటీ గ్రౌండ్స్‌లో ఆదివారం మ్యాచ్ అంటే వాడు బ్యాటింగు, నేను వాడి బదులు పరుగెత్తే రన్నర్ని. కాలిపర్ లాక్ పడితే ఎడమ మోకాలు వంగదు కదా, అందుకని ముందుకొచ్చి ఆడటం కుదరదు, మొత్తం బరువు కుడికాలి మీద వేసి కట్, పుల్, ఆ రెండే షాట్లు, కానీ షార్ట్ బాల్ పడిందా అయిపోయినట్టే. కాలికి తగిలితే ఠంగుమనేది, అవతలివాళ్ళు ఎల్బీ అని అరిస్తే "ఇనుముకి తగిలిందిరా, కాలుకి కాదు" అని క్రీజులోంచి కదిలేవాడు కాదు. రనౌట్ అయితే మాత్రం బూతులన్నీ నాకే. 2011లో ఐసీసీ ఇంటర్నేషనల్ మ్యాచుల్లో రన్నర్ని తీసేసినప్పుడు ఫోన్ చేసి మరీ "నీ ఉద్యోగం పోయిందిరోయ్" అన్నాడు.

ఇంకోటి. 1995లో పల్స్ పోలియో మొదలైనప్పుడు మేం ఎనిమిదో క్లాసు. స్కూల్ నుంచి ర్యాలీ తీశారు, వాడిని అందరికన్నా ముందు నిలబెట్టి చేతికి అట్ట ఇచ్చారు. ఎందుకో మాకు అర్థమైంది, వాడికీ అర్థమైంది. అట్ట పట్టుకుని "నన్ను చూసి జనం బేగి చుక్కలు ఏయించుకుంటారంటే మరి నాకేటిస్తారు మాస్టారూ" అని అడిగాడు. మాస్టారు నవ్వారు గానీ వాడు నవ్వలేదు. సందు చివరిదాకా వచ్చి అట్ట నా చేతిలో పెట్టి ఇంటికెళ్ళిపోయాడు.

ఇప్పుడు నా డౌటు ఏంటంటే పోలియో ఊసెత్తకుండా రాస్తే వాడి సగం కథ ఎగిరిపోద్ది, ఎత్తితే చదివేవాళ్ళకి ఇంకేమీ కనపడదు. ఇలాంటిది ఎవరైనా రాశారా, ఎలా రాశారు?

ఓల్డ్ టౌన్ రావు:

దీంట్లో ఆలోచించడానికేముంది తమ్ముడూ, స్ఫూర్తిదాయకంగా రాయి. అన్నీ ఉన్న మనమే చిన్నదానికి డీలా పడిపోతున్నాం, అలాంటి పిల్లాడు అంత చేశాడంటే ఇప్పటి పిల్లలు చదివి నేర్చుకోవాలి. ఫ్లెక్స్ కూడా బానే ఉంది, వీల్‌చైర్ బొమ్మ ఒక్కటి తీయించెయ్.

మద్దిలపాలెం మేడమ్:

రావుగారూ ఏమీ అనుకోకండి, నాది కూడా పోలియో కాలే. మమ్మల్ని చూసి మీరు ధైర్యం తెచ్చుకోవడానికి మేం పుట్టలేదండి. ఆ ర్యాలీలో అట్ట ఇచ్చి ముందు నిలబెట్టడం, ఇప్పుడు ఫ్లెక్స్ మీద ఎక్కించడం, రెండూ ఒకటే పని.

రన్నర్ గారూ, పోలియో రాయండి, కానీ బాధ అని రాయొద్దు, కాలిపర్ అనే వస్తువుగా రాయండి. లేచి నిలబడితే మోకాలి దగ్గర రింగు జారి లాక్ పడుతుంది, కూర్చోవాలంటే ప్యాంటు మీదనుంచే రెండు పక్కలా రింగు పైకి లాగాలి, ఆ పని క్లాసులో టీచర్ వచ్చినప్పుడల్లా లేచి నిలబడి మళ్ళీ కూర్చోడానికి ఎన్నిసార్లు చేసుంటాడో ఊహించుకోండి. మన వైజాగ్ ఉక్కకి మే నెలలో తోలు పట్టీ కింద చెమట పట్టి ఒరుసుకుపోతుంది. కాలు పొడుగయ్యే వయసులో కాలిపర్ బిగుతైపోతుంది, మళ్ళీ కొలతలు, మళ్ళీ ఖర్చు, అది వచ్చేదాకా పాతదే. ఇసకలోకి దిగితే జాయింట్లలో ఇసక, అందుకే బీచ్‌కి ఫ్రెండ్స్ అందరూ అలల దగ్గర, నేను గట్టు మీద చెప్పుల కాపలా, ఇది నా సంగతిలెండి, మీవాడు దిగేవాడేమో. మన దేశంలో ఆఖరి వైల్డ్ పోలియో (సహజంగా వ్యాపించే రకం) కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014లో పోలియో లేదని సర్టిఫికెట్ కూడా ఇచ్చేశారు, మీ పిల్లలకి కాలిపర్ అంటే ఏంటో తెలీదు. రాయకపోతే ఆ ఠంగుమన్న శబ్దం వాళ్ళకి అర్థం కాదు.

ఇంకొక విషయం, ఆయన చివర్లో తొందరగా అలసిపోతున్నా, మంచి కాలు కూడా లాగేస్తోంది అని ఎప్పుడైనా అన్నాడా? పోలియో వచ్చిన చాలా ఏళ్ళకి, పదిహేను నుంచి నలభై ఏళ్ళ తర్వాత కొందరికి మళ్ళీ కండరాలు నీరసపడతాయి, పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారు. నాకు ఈమధ్యే మొదలైంది, ఇంట్లోవాళ్ళు బద్ధకం అనుకున్నారు.

వైజాగ్ రన్నర్:

మేడమ్, అన్నాడు. బ్యాంకులో జాబ్ వాడిది, పైఅంతస్తు బ్రాంచికి వేసినప్పుడు "మెట్లు పెరుగుతున్నాయేటిరా" అన్నాడు, మేం వయసొచ్చిందని ఎక్కిరించాం. ఆ జాబ్ సంగతి కూడా రాయాలి, కోటాలో వచ్చిందని ఎవడైనా అంటే "కోటా సీటు చూపిస్తది గానీ పరీక్ష రాసి పెట్టదు" అనేవాడు.

రావుగారూ, మీరు మంచికే అన్నారని తెలుసండి, కానీ ధీరుడు అనే మాట వింటే మాత్రం వాడు లేచొచ్చి తన్నేవాడు, కుడికాలితోనే.

కంచరపాలెం సివిల్:

మీ గెట్ టుగెదర్ ఎక్కడండీ? ఫంక్షన్ హాల్ పైఫ్లోర్‌లో ఉండి లిఫ్ట్ లేకపోతే ఆ ఫ్లెక్స్ ఎన్ని అడుగులుండీ ఏం లాభం, ఆయనే బతికుంటే ఆ మెట్లు ఎలా ఎక్కేవాడు?

నాది కన్‌స్ట్రక్షన్ పని. ఫ్లెక్సులకీ దండలకీ పెట్టేది స్కూల్లో ర్యాంప్‌కి పెట్టండి. ఆ పేరుతో చాలాచోట్ల కట్టేవి జారుడుబండలే, వీల్‌చైర్ ఎక్కదు, కర్ర పట్టుకున్నవాళ్ళు జారతారు. అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవుండాలి. గుమ్మం ముందు మూడు మెట్లు ఉన్నాయనుకోండి, అడుగున్నర ఎత్తు, దానికి పద్దెనిమిది అడుగుల ర్యాంప్ కావాలి. రెండు పక్కలా రెయిలింగ్, పైన గరుకు టైల్. జాగా లేకపోతే మధ్యలో ప్లాట్‌ఫాం ఇచ్చి తిప్పొచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో స్కూలు బిల్డింగులు అందరూ వాడుకునేలా ఉండాలనే ఉంది కాబట్టి హెడ్‌మాస్టర్ గారు వద్దనరు. బాత్రూం తలుపు వెడల్పు కూడా చూడండి, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

వైజాగ్ రన్నర్:

హాల్ మార్పించేశాను, గ్రౌండ్ ఫ్లోర్‌లో దొరికింది, పార్కింగ్ లేదని ఇద్దరు గొణుగుతున్నారు, గొణగనీండి.

వాళ్ళావిడతో మాట్లాడాను. వదినగారికి ర్యాలీ సంగతి అసలు తెలీదంట, విని కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అది ఉండాల్సిందే అన్నారు. దండేసిన ఫొటో వద్దు, సింహాచలం గిరిప్రదక్షిణ రోజు హనుమంతవాక దగ్గర స్కూటర్ మీద కూర్చుని నడిచేవాళ్ళకి మంచినీళ్ళు పంచుతున్న ఫొటో ఉంది, అది వేయమన్నారు. వాడు నడిచేవాళ్ళని "ముప్పై రెండు కిలోమీటర్లంట, ఇంకా సగం కూడా అవ్వలేదు" అని భయపెట్టి మరీ నీళ్ళిచ్చేవాడంట! ఇది కూడా పేజీలోకి ఎక్కుతోంది. ర్యాంప్‌కి గ్రూపులో సగంమంది సరే అన్నారు, మిగతావాళ్ళు ఎంతవుద్ది అంటున్నారు.

సివిల్ గారూ, మా స్కూల్ గుమ్మం దగ్గర మెట్లు నాలుగు, ఎడమపక్క గోడ ఉంది. ఎంత అవుతుందో మీరొకసారి చూసి చెప్తారా?

కంచరపాలెం సివిల్:

చూడకుండా రేటు చెప్పనండి. ఆదివారం పొద్దున ఖాళీ, టేప్ నేను తెస్తాను, గేటు తాళం తీయమని వాచ్‌మన్‌కి మీరు ముందే చెప్పి ఉంచండి.