చేనేత దుకాణానికి ఇన్ని సోషల్ మీడియా ఖాతాలు అవసరమా?

పడుగుపేక (మంగళగిరి):

నమస్కారం. మాది మంగళగిరిలో చిన్న చేనేత దుకాణం. నూలూ జరీ మేమే ఇచ్చి పదకొండు గుంట మగ్గాల మీద నేయిస్తాము. 2014లో ఫేస్‌బుక్ పేజీతో మొదలుపెట్టి, యూట్యూబ్, టిక్‌టాక్, ఇన్‌స్టాగ్రామ్, నాలుగు వాట్సాప్ గ్రూపులు అంటూ ఒక్కొక్కటే చేర్చుకుంటూ వచ్చాము. అన్నిటికంటే టిక్‌టాక్‌లోనే మమ్మల్ని ఎక్కువ మంది చూసేవారు. 2020 జూన్ 29న ప్రభుత్వం దానిని నిషేధించడంతో అక్కడి వీడియోలన్నీ పోయాయి.

ఇప్పుడు మా కోడలికి రోజూ మూడు గంటలు ఈ పనికే సరిపోతోంది. కిందటి నెల నిజాం అంచు చీర మీద ఆమె తీసిన రీల్‌ను అనుకోకుండా రెండు లక్షల మంది చూశారు. ధర ఎంతంటూ నాలుగు వందలకు పైగా కామెంట్లు వచ్చాయి. ఆ రంగులో మా దగ్గరున్నవి మూడే చీరలు. మిగిలినవారికి లేదని చెప్పుకోవడానికే వారం పట్టగా, లేనప్పుడు ఎందుకు చూపించారని కోప్పడినవారూ ఉన్నారు. ఇటు ఫేస్‌బుక్‌లో పద్దెనిమిది వేల మంది అనుచరులున్నా, పెట్టిన ఫొటో రెండు వందల మందికి కూడా కనిపించడం లేదు. అన్నీ మూసివేసి వాట్సాప్ ఒక్కటే ఉంచుకుందామని నేనంటున్నాను. కోడలు ఒప్పుకోవడం లేదు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

చిటికీ (పోచంపల్లి):

అయ్యా, ఫేస్‌బుక్‌లో మీ ఫొటోలు కనిపించకపోవడం మీ తప్పు కాదు. వ్యాపార పేజీల కంటే బంధుమిత్రుల పోస్టులకే ముందు చోటు ఇస్తామని ఆ సంస్థ 2018 జనవరిలోనే ప్రకటించింది. అప్పటి నుండి మా పేజీ కూడా డబ్బు కట్టి ప్రకటన ఇస్తే తప్ప కదలడం లేదు.

అయితే మీ అసలు చిక్కు ఆ రీల్‌లోనే ఉంది. మిల్లు చీర అమ్మేవారు నాలుగు వందల ఆర్డర్లు వస్తే నాలుగు వందల చీరలు తెప్పించుకోగలరు. మనకు ఒక పడుగు (మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు నూలు) మీద వచ్చేవి కొన్ని చీరలే. మళ్ళీ అదే రంగు కావాలంటే అద్దకం నుండి మొదలుపెట్టాలి. కనుక మనకు కావలసింది లక్షల మంది చూపు కాదు, ఏడాదికి రెండు మూడు సార్లు తిరిగి వచ్చే రెండు మూడు వందల ఇళ్ళు. మేము రీల్స్‌లో అమ్మకానికి ఉన్న చీరను చూపడం మానేసి, మగ్గం పనిని మాత్రమే చూపుతున్నాము. చీరలు ముందు వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో (ఒకే సందేశం అందరికీ విడివిడిగా చేరే జాబితా) పెట్టి, మిగిలితేనే బయటకు తెస్తాము.

గ్రూపులు మాత్రం వెంటనే ఆపండి. గ్రూపులో ఒకరి నంబరు మరొకరికి కనిపిస్తుంది. మా గ్రూపులో కొనుగోలుదారులుగా చేరిన ఇద్దరు వ్యాపారులు నంబర్లన్నీ ఎత్తుకుపోయి తమ చీరలు పంపడం మొదలుపెట్టారు. బ్రాడ్‌కాస్ట్‌లో ఆ బెడద లేదు. ఒక్కో జాబితాలో 256 మంది వరకు పెట్టవచ్చు, కానీ మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే అది చేరుతుంది. అందుకే మేము బిల్లు ఇచ్చేటప్పుడే, "మా నంబరు సేవ్ చేసుకోండమ్మా" అని అడుగుతాము.

డాలస్ అత్తయ్య:

నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. ఆ వైపు నుండి రెండు మాటలు.

పేజీని మూసివేయకండి. తెలియని దుకాణానికి డబ్బు పంపే ముందు నేను ఫేస్‌బుక్‌లో పాత ఫొటోలు, వాటి తేదీలు, కింద జనం రాసినవి చూస్తాను. పదేళ్ళ పేజీ ఉంటే ధైర్యం వస్తుంది. అందులో రోజూ ఏదో ఒకటి పెట్టనవసరం లేదు.

ఇక ఫొటోల విషయం. నెమలికంఠం రంగని నేను ఒక దుకాణంలో కొన్న చీర ఇంటికి వచ్చేసరికి ఉత్త నీలంగా తేలింది. ట్యూబులైటు కింద తీసి, పైన ఫిల్టరు కూడా వేశారట. తిప్పి పంపాలంటే చీర ధరకు మించిన ఖర్చు. పొద్దున వసారాలో, ఎండ నేరుగా పడని చోట, చీర పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీస్తే రంగు చాలావరకు తెలిసిపోతుంది. అంచు వెనుక వైపు, కొంగు, నూలు కౌంటు (దారం ఎంత సన్ననిదో చెప్పే అంకె), జాకెట్టు ముక్కతో కలిపి పొడవు, ధర అన్నీ అక్కడే రాయండి. "ధర ఇన్‌బాక్స్‌లో" అని కనిపిస్తే నేను ఆగను. మనిషిని బట్టి ధర చెబుతారేమోనన్న అనుమానం నాకు ఒక్కదానికే ఉందనుకోను.

కొత్తపేట చిరువ్యాపారి:

పేజీ ఉంచమన్న అమ్మగారి మాటే నాదీను. మేము ఖాతా తీసివేసిన కొన్నాళ్ళకే ఎవరో మా పేరుతో, మా ఫొటోలతోనే పేజీ తెరిచి అడ్వాన్సులు వసూలు చేశారు. గూగుల్ మ్యాప్‌లో మీ దుకాణం వేళలు, ఫోను నంబరు సరిగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. నరసింహస్వామి దర్శనానికి వచ్చినవారు ఆ దారినే చీరలకూ వస్తారు కదా.

పడుగుపేక (మంగళగిరి):

అందరికీ కృతజ్ఞతలు. జవాబు ఆలస్యమైనందుకు మన్నించండి. మీ మాటలు చదివాక, ఏ చీర ఎవరు ఎలా తెలిసి కొన్నారో నలభై రోజులు పుస్తకంలో రాసి చూశాము. అమ్మిన 57 చీరలలో 34 పాత కొనుగోలుదారులవి, వారు చెప్పగా వచ్చినవారివి. మ్యాప్ చూసి దుకాణానికి వచ్చినవారు 12 కొన్నారు. ఇన్‌స్టాగ్రామ్ ద్వారా పోయినవి 8. ఆ ఎనిమిదీ కొత్తవారే, వయసులో చిన్నవారే కొన్నారని కోడలు ఎత్తి చూపింది, నేను కాదనలేకపోయాను. మిగిలిన 3 ఎలా వచ్చాయో రాసుకోవడం మరిచాము.

యూట్యూబ్ ఆపేశాము. ఫేస్‌బుక్‌లో వాట్సాప్ నంబరు, చిరునామా, దుకాణం వేళలతో ఒక పోస్టు పెట్టి పైన పిన్ చేశాము. గ్రూపులు నాలుగూ మూసి, అడిగి ఒప్పుకున్నవారిని మాత్రమే బ్రాడ్‌కాస్ట్‌లో చేర్చుకున్నాము. ఇన్‌స్టాగ్రామ్ కోడలి చేతిలోనే ఉంది, అదీ వారానికి రెండు రోజులే. మొన్న గుంటలో కూర్చుని అచ్చు అతుకుతున్న (పాత పడుగు పోగులకు కొత్తవి కలుపుతున్న) మా పెద్ద నేతగాడిని వీడియో తీసింది. అందులో అమ్మే చీర ఏదీ లేదు. అయినా ఇద్దరు ధర అడిగారు.