కాస్టిక్ ద్రావణంలో సిట్రిక్ యాసిడ్ కలపడం దండగేనా?

అందరికీ నమస్కారం. మాది అనంతపురం. హోటళ్ల చిమ్నీలు, బాణళ్ల జిడ్డు వదిలించే లిక్విడ్ ఇంట్లోనే చేసి అమ్ముతున్నాను. ఇక్కడి బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా, నాలుగు రోజులు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. నా లిక్విడ్‌తో తుడిచిన స్టీలు మీదా అదే తెల్లటి పొర.

నీళ్లలోని కాల్షియాన్ని పట్టి ఉంచుతుందని ఎవరో చెబితే, 500 గ్రాముల కాస్టిక్ సోడా కరిగించిన 20 లీటర్లలో 300 గ్రాముల సిట్రిక్ యాసిడ్ వేశాను. కొద్దికొద్దిగానే వేసినా డ్రమ్ము బాగా వేడెక్కింది. పొర కాస్త తగ్గింది, జిడ్డు మాత్రం మునుపటంత వదలడం లేదు. క్షారత ఎంతుందో చూపే పీహెచ్ పేపరు రంగేమో అలాగే ఉంది!

నేను వేసింది మోనోహైడ్రేట్ (నీటి అణువు కలిసిన) రకం. 210 గ్రాములకు 120 గ్రాముల కాస్టిక్ ఖర్చవుతుంది. ఆ లెక్కన నా డ్రమ్ములో సుమారు 170 గ్రాములు, అంటే మూడో వంతు, యాసిడ్‌ని సోడియం సిట్రేట్‌గా మార్చడానికే పోయినట్టు. పట్టే పని చేసేది ఆ సిట్రేటే కాబట్టి పూర్తిగా దండగ అనలేను.

నా సందేహాలు: పోయినంత కాస్టిక్ మళ్లీ కలిపితే చాలా, లేక మొదటే సోడియం సిట్రేట్ కొనడం మేలా? ఇంత క్షారంలో సిట్రేట్ పట్టు బలహీనమంటారు. దాని బదులు, కాల్షియాన్ని పట్టే వేరే రసాయనాలైన టెట్రాసోడియం ఈడీటీఏ గానీ సోడియం గ్లూకోనేట్ గానీ వాడినవాళ్లు ఉన్నారా? 20 లీటర్లకు ఎంత వేశారు? ఈడీటీఏలో యాసిడ్ రకం చవగ్గా దొరుకుతోంది, కానీ మామూలు నీళ్లలో కరగక అడుక్కి దిగిపోయింది. దాన్ని నేరుగా కాస్టిక్‌లో వేయొచ్చా? చేసి చూసినవాళ్లు చెప్పండి.