ట్రైనింగ్ వీడియోలకి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొనాలా? ఖర్చు క్లయింట్‌ని అడగొచ్చా?

అమీర్‌పేట ట్రైనర్:
అందరికీ నమస్తే. నేను ఎక్సెల్, పవర్ బీఐ నేర్పిస్తాను. గచ్చిబౌలిలో ఒక కంపెనీ కొత్తగా చేరేవాళ్ల కోసం చిన్న చిన్న వీడియోలు చేసిమ్మంది. స్క్రీన్ రికార్డింగ్, ఓ మూలన నా ముఖం, తెలుగులో టైటిల్స్, అంతే పని. వాడే ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ లైసెన్స్ ఉండాలని అగ్రిమెంట్‌లో రాశారు. తెలిసినవాళ్లేమో క్రాక్ వేసుకో, ఎవరు చూస్తారు అంటున్నారు గానీ నాకు మనసొప్పడం లేదు. అడోబీ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ తీసుకోవాలా, తక్కువలో అయ్యే దారి ఏమైనా ఉందా?

కూకట్‌పల్లి ఎడిటర్:
క్రాక్ జోలికి వెళ్లకండి బ్రదర్. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం, దొంగ కాపీ అని తెలిసి వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. మీరు చెప్పిన పనికి అసలు డబ్బు పెట్టక్కర్లేదు. రికార్డింగ్‌కి ఓబీఎస్ స్టూడియో, ఎడిటింగ్‌కి డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు. కమర్షియల్ పనికి వాడుకోవచ్చు, 4కే దాకా ఎక్స్‌పోర్ట్ అవుతుంది, వాటర్‌మార్క్ పడదు (డబ్బు కట్టి తీసుకునే రిజాల్వ్ స్టూడియో వెర్షన్‌లో మాత్రమే ఉండే ఎఫెక్ట్స్ వాడితే తప్ప). రేపెప్పుడైనా ఆ స్టూడియో వెర్షన్ కావాలన్నా ఒక్కసారి కడితే అయిపోతుంది, నెలనెలా టెన్షన్ ఉండదు.

ఫ్రీలాన్సర్ అక్క, ఉప్పల్:
తమ్ముడూ, అడోబీయే కావాలనుకుంటే ప్లాన్ పేరు నిదానంగా చదువు. నెలనెలా కట్టినా అది ఏడాది ఒప్పందం కావచ్చు. 14 రోజులు దాటాక మానేస్తే మిగిలిన నెలల మొత్తంలో సగం కట్టాలి. రెండు నెలల పనికి విడి నెల ప్లానే మేలు, రేటు ఎక్కువైనా సరే. జీఎస్‌టీ నంబర్ ఉంటే బిల్లులో వేయించుకో.

అమీర్‌పేట ట్రైనర్:
థాంక్స్ అక్కా. మరి ఈ ఖర్చు కొటేషన్‌లో విడిగా చూపించాలా?

ఫ్రీలాన్సర్ అక్క, ఉప్పల్:
విడిగా చూపిస్తే ముందు దాన్నే కొట్టేయమంటారు. నీ రేటులోనే కలుపు. కెమెరా, మైకు, కరెంటు లాగే అదీ పని ఖర్చే, ఇందులో మొహమాటం దేనికి? పైగా లైసెన్స్ ఉండాలన్నది వాళ్ల షరతు. ఇన్‌వాయిస్‌లన్నీ ఒక ఫోల్డర్‌లో దాచిపెట్టు, ఎప్పుడైనా అడుగుతారు.

కూకట్‌పల్లి ఎడిటర్:
ఇంకో మాట. ఏది కొనేముందైనా ట్రయల్‌లో ‘ఉద్యోగ లక్ష్యాలు’ అని టైప్ చేసి చూడండి. ఒత్తులు విడిపోయి కనిపిస్తే, ప్రీమియర్‌లో అయితే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజిన్ పెట్టాలి. డబ్బు కట్టాక తెలిస్తే లాభం లేదు.