ఇసుక కోసం మేస్త్రీలు ఖాళీగా కూర్చుంటున్నారు, ఏం చేయాలి?

తిరుపతిలో తిరుచానూరు రోడ్డుకు దగ్గరలో మూడంతస్తుల ఇల్లు కట్టిస్తున్నాను. సందు ఇరుకు. ఇసుక, ఇటుకలు వీధి మొదట్లోనే దించుతున్నారు. మోయడానికే కూలీలకు సగం పూట పోతోంది. మొన్న నలుగురు మేస్త్రీలు పదకొండున్నర దాకా ఇసుక లారీ కోసం ఎదురుచూశారు. వాళ్ల తప్పేమీ లేదు, కూలి పూర్తిగా ఇచ్చాను.

ముందే తెప్పించుకుందామంటే అక్టోబరు నుంచి ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు. సిమెంటును చెక్కల మీద, గోడకు అడుగు దూరంలో, పది బస్తాల ఎత్తు మించకుండా పేరుస్తున్నాను. అయినా నెలకు సరిపడా నిల్వ చేయడానికి ధైర్యం చాలడం లేదు.

ఎన్ని రోజుల సామగ్రి ముందుగా ఉంచుకోవాలి? మరునాటి ఇటుకలను సాయంత్రమే పై అంతస్తుకు చేర్చడానికి వేరే కూలీలను పెడితే గిట్టుబాటవుతుందా? ఇలాంటి సందులో కట్టించినవారు దయచేసి చెప్పండి.